సాఫ్ట్‌వేరు వారి సరదా మాటలు

సికింద్రాబాదు స్టేషనులో ఉదయం లింగంపల్లి వైపు వెళ్లే ఎం.ఎం.టి.ఎస్. రైలెక్కండి. జేమ్స్ స్ట్రీట్, సంజీవయ్య పార్కు, బేగంపేట దాటి హైటెక్ సిటీ చేరేవరకు చుట్టుపక్కల మాటలు వింటూ కూర్చోండి. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడూ కలిసిన ఒక వింత భాష మీ చెవిన పడుతుంది. "రాత్రి బిల్డ్ మళ్లీ బ్రేక్ అయింది" అని ఒకరంటారు. "నా మెషిన్‌లో బాగానే నడుస్తోంది భాయ్" అని రెండోవారి జవాబు. "అయితే నీ మెషిన్‌నే ప్యాక్ చేసి కస్టమర్‌కు పంపేద్దాం" అని మూడోవారు. ముగ్గురూ నవ్వుతారు. పక్కన టిఫిన్ డబ్బా ఒడిలో పెట్టుకుని కూర్చున్న పెద్దాయనకు అందులో నవ్వదగినది ఏమున్నదో అంతుబట్టదు.

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. 2003లో ఈ రైళ్లు వచ్చాయి. అప్పటినుండి రెండు తరాల యువతీ యువకులు ఈ మాటలతోనే పొద్దు పుచ్చుతున్నారు. మేమిద్దరమూ, అంటే భార్యాభర్తలము, ఆ కోవకు చెందినవారమే. వారంలో కొన్ని రోజులు ఆఫీసుకు వెళ్తాము, మిగిలిన రోజులు ఇంట్లోనే భోజనాల బల్లకు అటొకరు ఇటొకరు కూర్చుని పని చేసుకుంటాము. ఇంటినుండి పని మొదలైన తరువాతనే మా వృత్తి భాష మా దాదీమా చెవిన పడింది. అక్కడినుండి ఆ మాటలకు సంజాయిషీ చెప్పుకోవలసిన బాధ్యత మా మీద పడింది.

తొలి విచారణ ఒక మధ్యాహ్నం జరిగింది. మాలో ఒకరు ఫోనులో, "చైల్డ్‌ని కిల్ చేసేశాను, పేరెంట్ ఇంకా హ్యాంగ్‌లోనే ఉంది" అన్నారు. లోపలి గదిలో తస్‌బీహ్ తిప్పుతున్న దాదీమా, "యా అల్లాహ్! ఎవరి బిడ్డ, బేటా?" అంటూ పరుగున వచ్చారు. ఆమెకు చైల్డ్ అన్న మాట తెలుసు, కిల్ అన్న మాట టీవీ వార్తల పుణ్యాన తెలుసు. కూర్చోబెట్టి వివరించాము. కంప్యూటరులో నడిచే ఒక ప్రోగ్రాము తన పనిలో కొంత భాగం చేయించుకోవడానికి మరో ప్రోగ్రామును పుట్టిస్తుంది. పుట్టించినదాన్ని పేరెంట్ అంటారు, పుట్టినదాన్ని చైల్డ్ అంటారు. పని ఎక్కడో చిక్కుకుపోతే చైల్డ్‌ను ఆపివేస్తారు, ఆ ఆజ్ఞ పేరే కిల్. పేరెంట్ ముందుగా ఆగిపోతే చైల్డ్‌ను అనాథ అంటారు.

"మరి ఆ అనాథను ఎవరు చూసుకుంటారు?" అన్నది దాదీమా మొదటి ప్రశ్న.

అడగదగిన ప్రశ్నే. యునిక్స్, లినక్స్ కుటుంబానికి చెందిన యంత్రాలలో అన్నిటికంటే ముందు మొదలయ్యే ప్రోగ్రాము ఒకటి ఉంటుంది, దాని సంఖ్య 1. అనాథగా మిగిలిన ప్రోగ్రామును సాధారణంగా అదే తన సంరక్షణలోకి తీసుకుంటుంది. ఈ మాట విన్నాక ఆమె ముఖం వికసించింది. "మీ కంపెనీవాళ్లకు కొంచెం దైవభీతి ఉన్నట్టే ఉంది" అన్నారు.

జాంబీ సంగతి కూడా చెప్పాము. చైల్డ్ తన పని ముగించుకుని, ఫలితం ఇదీ అని చెప్పుకోవడానికి నిలబడి ఉంటుంది. పేరెంట్ ఆ ఫలితాన్ని అడిగి తీసుకోవాలి. తీసుకోకపోతే ప్రాణం లేకపోయినా చైల్డ్ పేరు మాత్రం పట్టికలో అలాగే మిగిలిపోతుంది. చచ్చీ చావని ఆ స్థితికే మావాళ్లు జాంబీ అని పేరు పెట్టారు. దాదీమా కాసేపు ఆలోచించి, "ఎట్లా జరిగింది బిడ్డా అని ఒక్క మాట అడగకపోతే ఎవరైనా అట్లనే అవుతారు" అన్నారు. దీనిమీద మేము చదివిన పాఠ్యపుస్తకాలలో ఇంత చక్కని వివరణ లేదు.

ఇలాంటి మాటలకు చాలావరకు నవ్వులోనే పుట్టుక. దోషాన్ని బగ్ అనడం ఇంజినీర్లలో పాత అలవాటే. 1947 సెప్టెంబరు 9న హార్వర్డ్ మార్క్ 2 యంత్రంలో ఒక రిలే మధ్య నిజంగానే చిమ్మట దొరికింది. దాన్ని లాగ్ పుస్తకంలో అంటించి, బగ్ అసలుగా దొరికిన మొదటి సందర్భం ఇదేనని చమత్కారంగా రాసుకున్నారు. ఆ పుటను నేటికీ అమెరికాలోని స్మిత్సోనియన్ మ్యూజియంలో భద్రపరచారు. ఇక మావాళ్లు రోజుకు పదిసార్లు పలికే అల్గారిథమ్ అనే మాట, తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాదులోని బైతుల్ హిక్మాలో పనిచేసిన అల్ ఖ్వారిజ్మీ పేరునుండి వచ్చింది. ఇది దాదీమాకు చెప్పి ఉండకూడదేమో. ఇంటికి వచ్చిన ప్రతివారికీ ఆమె ఇప్పుడు ఇదే చెబుతున్నారు.

మా జోకులలో సింహభాగం మాటను ఉన్నదున్నట్టు పట్టుకోవడంలో ఉంటుంది. కంప్యూటరుకు భావం తెలియదు, చెప్పినదే చేస్తుంది. ప్రపంచమంతా తిరిగే పాల ప్యాకెట్టు, గుడ్ల జోకు ఒకటుంది. సికింద్రాబాదు ఇరానీ హోటలుకు వచ్చేసరికి అది ఇలా మారింది: "ఒక చాయ్ తీసుకురా. ఉస్మానియా బిస్కెట్లు ఉంటే నాలుగు" అని భార్య చెబితే, ప్రోగ్రామరు భర్త నాలుగు చాయ్‌లు తెచ్చాడట. ఇదేమిటంటే, "బిస్కెట్లు ఉన్నాయి కదా!" అన్నాడట. ఈ తరహా చమత్కారం వినగానే మాకొక హదీసు గుర్తుకువస్తుంది. అబూ దావూద్, తిర్మిజీ సంకలనాలలో హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనంగా ఉన్నది. ఒక వ్యక్తి ఎక్కిపోవడానికి వాహనం కావాలని దైవప్రవక్త (స)ను కోరాడు. ఆడ ఒంటె పిల్లను ఇస్తానని ఆయన అన్నారు. పిల్లను నేనేం చేసుకోనని అతడు బిక్కమొహం వేశాడు. ఏ ఒంటె అయినా ఆడ ఒంటెకు పుట్టినదే కదా అని ఆయన జవాబు. ఎంత పెద్ద ఒంటె అయినా తల్లికి పిల్లే. అందులో అబద్ధం లేదు. విన్నవాడు నొచ్చుకోలేదు, వాహనం కూడా దొరికింది.

శుక్రవారం విషయంలో మాత్రం మాకూ మా వృత్తికీ పొత్తు కుదరదు. ఇంట్లో జుమా అంటే స్నానం, అత్తరు, ఉతికిన బట్టలు. ఆఫీసులో శుక్రవారం కొత్త కోడు విడుదల చేయడమంటే ఆపద కొనితెచ్చుకోవడం. ఏదైనా చెడితే శని, ఆదివారాలు సరిచేసే దిక్కుండదు. "మీకు శుభదినం, మాకు గండం" అని హిందూ మిత్రులు అంటుంటారు. "ఏమీ చేయవద్దని మేమూ మధ్యాహ్నమే మసీదుకు వెళ్తున్నాం కదా" అని మా జవాబు.

పని చిక్కుబడినప్పుడు రబ్బరు బాతుతో మాట్లాడే ఆచారం కూడా ఒకటున్నది. 1999లో వచ్చిన ది ప్రాగ్మాటిక్ ప్రోగ్రామర్ అనే పుస్తకం వల్ల ఇది ప్రచారంలోకి వచ్చింది. బల్లమీద బాతును పెట్టుకుని, మన కోడును దానికి వరుస వెంబడి వివరిస్తూ పోతే, చెబుతుండగానే తప్పు మనకే తడుతుంది. మా ఇంట్లో బాతు లేదు. దాదీమా ఉన్నారు. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ "ఊఁ, తరువాత?" అంటారు. ఆ తరువాత ఏమిటో చెప్పబోయి మేము నోరు తెరిచి ఆగిపోతాము. తప్పు దొరికిందన్నమాట. బాతు ఊఁ కొట్టదు కాబట్టి మాది ఇంకా మెరుగైన పద్ధతి.

ఇంతవరకు నవ్వులే. బ్లేమ్ అనే ఆజ్ఞ దగ్గర వ్యవహారం కాస్త సున్నితమవుతుంది. 2005లో లినస్ టొర్వాల్డ్స్ రూపొందించిన గిట్‌లో ఈ ఆజ్ఞ ఇస్తే, ఏ వరుసను చివరిసారి ఎవరు మార్చారో పేర్లతో సహా చూపుతుంది. బ్లేమ్ అంటే నింద. అంతకు ముందునుండి ఉన్న సబ్‌వర్షన్‌లో ఇదే పనికి ప్రెయిజ్, అంటే ప్రశంస, అని మరో పేరు కూడా పెట్టారు. రెండూ టైపు చేస్తే కనబడేది ఒకే పట్టిక.

మాలో ఒకరి జట్టులోకి పల్లెనుండి వచ్చిన ఒక అమ్మాయి చేరింది. చురుకైనది. క్యాష్ అని పలకవలసిన మాటను, పుస్తకంలో చూసి నేర్చుకున్నందువల్ల, కాచే అని పలికింది. సీనియరు ఒకాయన ఆ రోజునుండి ఆమెను కాచే అని పిలవసాగాడు. మిగతావారు అందుకున్నారు. ఆమె కూడా మొదట నవ్వింది. తరువాత మీటింగులలో మైకు మూసుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. "సరదాకే అన్నాం కదా" అన్నాడు ఆ సీనియరు, మేము ఏకాంతంగా అడిగినప్పుడు. ఎగతాళి పేర్లు పెట్టవద్దని సూరా హుజురాత్ చెప్పే మాట మనకు తెలియనిది కాదు. అతడికి ఆ గ్రంథంతో పరిచయం లేదు కాబట్టి మేము వేరే విధంగా అడిగాము: "ఆమె మీకు ఒక పేరు పెట్టి, అందరిముందు పిలవగలదా?" అతడు జవాబివ్వలేదు.

ఆ నెల 13వ తేదీన చెల్లింపుల పని ఆగిపోయింది. తేదీ ముందా, నెల ముందా అన్న తికమక. మొదటి పన్నెండు రోజులు రెండు సంఖ్యలూ పన్నెండులోపువే కనుక, అటుదిటు అయినా యంత్రం కిమ్మనలేదు. పదమూడో నెల లేదు గనుక ఆనాడు బయటపడింది. బ్లేమ్ ఇచ్చి చూస్తే ఆ వరుసమీద ఉన్నది సీనియరు పేరే. ఆమె దాన్ని వారం కిందటే గమనించిందట. అడిగితే, "మళ్లీ ఏదైనా తప్పుగా పలుకుతానేమోనని చెప్పలేదు" అంది.

గదిలో ఎవరూ నవ్వలేదు. ఆయన పెద్దమనిషే అనిపించుకున్నాడు. తప్పు తనదని జట్టు గ్రూపులో రాసి, ముందుగా కనిపెట్టినది ఎవరో ఆమె పూర్తి పేరుతో రాశాడు. సరిచేసే పని ఆమెకే అప్పగించి, సాయంత్రం కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, "ఎలా జరిగిందమ్మా?" అని అడిగాడు.

ఆమె మైకు తెరవడానికి ఇంకా కొన్ని వారాలు పట్టింది. ఒక గురువారం సాయంత్రం అందరూ ఉండగా, "భాయ్, మీ పేరెంట్ ఆగిపోయింది, నా చైల్డ్ అనాథ అయిపోయింది. ఒకటో నంబరు వచ్చేలోగా మీరే ఏదైనా చూడండి" అంది. అందరికంటే గట్టిగా నవ్వినది ఆ సీనియరే. రేపు శుక్రవారం గనుక ఆ రాత్రే సరిచేసి ఇళ్లకు వెళ్లారు.