కావేరి వెంట కడలి దాకా

మూడు వారాల సెలవు దొరకడమే గొప్ప. దొరికాక ఇంట్లో మొదలయ్యేది మాత్రం పంచాయితీ. పెద్దవాళ్లకు గుళ్లు కావాలి, పిల్లలకు సముద్రం కావాలి, సెలవు పెట్టినాయనకు నిద్ర కావాలి. అందరినీ మెప్పించాలని తమిళనాడు మ్యాపు మీద పదిహేను ఊళ్లకు సున్నాలు చుడితే, తిరిగొచ్చాక గుర్తుండేవి బస్టాండ్లే.

ఈ తగవును కావేరి తీర్చగలదు. తిరుచ్చి దగ్గర పాయలుగా చీలి అది పారే డెల్టాలోనే తంజావూరు, కుంభకోణం ఉన్నాయి. దారి చివర సముద్రం. తిరుచ్చి నుంచి తంజావూరు సుమారు 55 కి.మీ., అక్కడి నుంచి కుంభకోణం 40. రోజంతా బస్సులో గడపాల్సిన రోజు ఒక్కటీ ఉండదు.

అసలు చిక్కు ఎప్పుడు బయలుదేరాలన్నదే. ఈ తీరానికి ప్రధానంగా వానలు పడేది అక్టోబరు-డిసెంబరు మధ్య, ఈశాన్య రుతుపవనాలతో. తుపాన్ల భయమూ అప్పుడే. బడులకు సెలవులుండే మే నెలలో ఎండ మండిపోతుంది, నదిలో నీటికన్నా ఇసుకే ఎక్కువ. మెట్టూరు ఆనకట్ట నుంచి డెల్టాకు సాగునీరు వదలడానికి ఆనవాయితీ తేదీ జూన్ 12, ఆపేది జనవరి 28. కాబట్టి సంక్రాంతి సెలవులు కలిసొచ్చేలా జనవరి మొదట్లో బయలుదేరడం మేలు. పిల్లలు కొన్నాళ్లు బడి మానాల్సి వస్తుంది. అది కుదరని కుటుంబాలు మేలోనే వెళ్లొచ్చు గానీ, ఊళ్లు సగానికి తగ్గించుకుని పొద్దున తొమ్మిదిలోపే తిరుగుళ్లు ముగించాలి.

ఇక లెక్క. 21 రోజుల్లో తిరుచ్చి, శ్రీరంగానికి నాలుగు, తంజావూరుకు ఐదు, కుంభకోణానికి నాలుగు, తరంగంబాడికి రెండు, పుదుచ్చేరికి నాలుగు, మహాబలిపురానికి రెండు.

తంజావూరుకు ఐదు రోజులెందుకు? రాజరాజ చోళుడు 1010లో పూర్తిచేసిన పెద్ద గుడిని ఒక పూటలో చుట్టిరావచ్చు. తెలుగువారిని ఆపేది మరొకటి. నాయకరాజులు, వారి తర్వాత మరాఠా రాజులు తెలుగును నెత్తిన పెట్టుకున్న కొలువు ఇది. సరస్వతీ మహల్ గ్రంథాలయంలో తెలుగు తాళపత్రాలున్నాయి. 13 కి.మీ. దూరంలోని తిరువయ్యారులో, కావేరి ఒడ్డున త్యాగరాజు సమాధి ఉంది. ఏటా పుష్య బహుళ పంచమికి అక్కడ ఆరాధనోత్సవం జరుగుతుంది. పంచాంగంలో ఆ తేదీ చూసుకున్నాకే రైలు టిక్కెట్లు కొనడం తెలివైన పని.

తమిళనాట చాలా ఆలయాలు మధ్యాహ్నం పన్నెండింటికి మూసి నాలుగింటికి తెరుస్తారు. తెలియక వెళ్లినవారికి అది విసుగు. తెలిసినవారికి అరిటాకు భోజనం, ఆపైన కునుకు. సెలవు పెట్టినాయన కోరికా అలా తీరుతుంది.

పూంపుహార్‌లో కావేరి సముద్రంలో కలిసే చోటు చూస్తే పిల్లలు పెదవి విరుస్తారు. నీరంతా పొలాలకు పంచిపెట్టి, అక్కడికి చేరేసరికి అది చిక్కిపోయి ఉంటుంది. సుమారు 20 కి.మీ. దక్షిణాన తరంగంబాడి. డేన్లు 1620లో కోట కట్టి, 1845లో బ్రిటిష్‌వారికి అమ్మేసిన ఊరు. 2004 డిసెంబరు 26న సునామీ తమిళనాడులో అందరికన్నా ఎక్కువగా కాటేసింది ఈ నాగపట్నం తీరాన్నే. అలలను చూసి ఆనందించాలి తప్ప, స్థానికులను అడగకుండా నీళ్లలోకి దిగకూడదు. పుదుచ్చేరి నగరం ముందైతే ఒడ్డు చాలావరకు బండరాళ్లే. సాయంత్రం నడకకు అది హాయి, ఈతకు పనికిరాదు. ఈ సంగతి పిల్లలకు ఇంటి దగ్గరే చెప్పి తీసుకెళ్లాలి.

తిరుగు ప్రయాణం తిరుచ్చి నుంచి కాకుండా చెన్నై నుంచి పెట్టుకుంటే వచ్చిన దారినే మళ్లీ తొక్కే బాధ తప్పుతుంది. మహాబలిపురం నుంచి చెన్నైకి 60 కి.మీ. లోపే. అక్కడి రెండు రోజులకు గది ముందే తీసుకోకపోవడం మంచిది. దారిలో ఎవరికైనా జ్వరమొచ్చినా, కుంభకోణం కాఫీ వదలబుద్ధి కాకపోయినా ఖర్చుపెట్టుకోవడానికి చేతిలో ఉండే చిల్లర ఆ రెండు రోజులే.