చుట్టి వద్దాం – మా సైకిల్ యాత్ర ఆలోచన



మన వార్షికోత్సవ సంచికలో ఏటా ఎవరో ఒకరు విహారయాత్ర గురించి రాస్తూనే ఉంటారు. అవన్నీ వెళ్లి వచ్చాక రాసినవి. మేము మాత్రం వెళ్లకముందే రాస్తున్నాం. ఎందుకంటే ఈ యాత్ర సగం మీ చేతుల్లో ఉంది. ఆ సంగతి చివర్లో చెబుతాం.

మా కోరిక చిన్నది. అమలాపురంలో బయలుదేరి, ముమ్మిడివరం మీదుగా ఎదుర్లంక చేరి, వారధి దాటి యానాం, అక్కడి నుంచి ద్రాక్షారామం, కోటిపల్లి వెళ్లి, పంటు మీద గౌతమి దాటి ముక్తేశ్వరం దిగి, మళ్లీ హాస్టల్‌కు రావాలి. మొత్తం సుమారు 75 కిలోమీటర్లు. వెళ్లిన దారిన వెనక్కి రాకుండా, ఒకే రోజులో, సైకిళ్ల మీద.

ఈ మాట ఇంట్లో చెబితే మాలో ఒకడి నాన్న అడిగాడు: "పనేమీ లేకుండా అంత దూరం తొక్కి, బయలుదేరిన చోటికే రావడం ఎందుకురా?" ఆ ప్రశ్నకు మాలో ఎవరికీ వెంటనే జవాబు దొరకలేదు. నిజమే. మా ఇళ్లలో సైకిలంటే పని. దాని మీద కొబ్బరికాయల బస్తా వెళ్లింది, పచ్చగడ్డి మోపు వచ్చింది, కూలికి వెళ్లే మనిషి కూడా వెళ్లాడు. ఊరకే ఊళ్లు చూడడానికి తొక్కినవాళ్లు మా ఇళ్లలో లేరు. అందుకే మేము తొక్కాలనుకుంటున్నాం. పొద్దున్నే లేచి, కూలికి కాకుండా, చూడడానికి వెళ్లడం ఎలా ఉంటుందో మాకు తెలియాలి.

ఎదుర్లంక దారినే ఎందుకు ఎంచుకున్నామంటే, అది జి.ఎం.సి. బాలయోగి గారు పుట్టిన ఊరు. 1951లో ఆ లంక గ్రామంలో పుట్టిన ఆయన 1998లో లోక్‌సభ స్పీకర్ అయ్యారు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి దళితుడు ఆయనే. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలో మరణించారు. ఎదుర్లంక, యానాంల మధ్య గౌతమి మీద ఉన్న వారధికి ఆయన పేరే పెట్టారు. మాలో కొందరు పడమటి దారి పట్టుదామన్నారు. అటు మామిడికుదురు బోయి భీమన్న గారి ఊరు. పాలేరు కుర్రాడు చదువుకుని పెద్ద ఉద్యోగి అయ్యే 'పాలేరు' నాటకం రాసింది ఆయనే. ఆ వాదన రెండు రాత్రులు నడిచింది. చివరికి అంబాజీపేట, పి.గన్నవరం, మామిడికుదురు మీదుగా తిరిగివచ్చే ఆ చిన్న చుట్టును ముందు వారం అభ్యాసంగా పెట్టుకున్నాం. అది పూర్తి చేసినవాళ్లే పెద్ద చుట్టుకు అర్హులు.

ఇక లెక్కలు. మన కోనసీమలో కొండలు లేవు. ఎత్తు ఎక్కాల్సింది వారధుల దగ్గరే. కానీ ఎదురుగాలి కొండంత పని పెడుతుంది. మధ్యాహ్నం దాటితే సముద్రం వైపు నుంచి గాలి లేస్తుంది. అందుకే గాలి లేని పొద్దుటి పూట తూర్పుకు పోయి ఎదుర్లంక చేరాలి. యానాం నుంచి ద్రాక్షారామానికి గాలి వీపు వెనక ఉంటుంది. అటు నుంచి కోటిపల్లికి కాస్త ఎదురైనా దూరం తక్కువ. ముక్తేశ్వరం దిగాక కొబ్బరితోటలు అడ్డం ఉంటాయి. ఇదే చుట్టు తిరగేసి పోతే మధ్యాహ్నం ఎండలో, ఎదురుగాలిలో యానాం దారి పట్టాలి.

కాలం కూడా చూసుకున్నాం. వరదల రోజుల్లో పంటు ఆపేస్తారు. వేసవిలో ఎండ. కాబట్టి సంక్రాంతి సెలవుల తర్వాత వచ్చే రెండో ఆదివారం. అప్పటికి దాళ్వా నాట్లు పచ్చగా ఉంటాయి. ఉదయం 6కు బయలుదేరితే, దారిలో విశ్రాంతి కలిపి 9.30కు ఎదుర్లంక, ఒంటిగంటకు ద్రాక్షారామం, అక్కడే భోజనం. 3.30కు కోటిపల్లి రేవు, 5.30కు హాస్టల్. ముందురోజే రేవులో పంటు సంగతి అడిగి ఉంచుతాం. అది తిరగకపోతే కోటిపల్లి వెళ్లకుండా ద్రాక్షారామం నుంచే వచ్చిన దారిన వెనక్కి.

సామాను: రెండు గాలి పంపులు, సొల్యూషన్, అతుకులు, గరుకు కాగితం, వాల్వ్ ట్యూబులు, స్పానర్లు. ఊళ్లలో సైకిల్ షాపులు తగ్గిపోయాయి, కాబట్టి పంక్చర్ మేమే వేసుకోవాలి. పులిహోర, ఉడికించిన గుడ్లు మన వంట బాబాయి ఇస్తానన్నారు.

అసలు చిక్కు ఇక్కడ వచ్చింది. రావాలన్నవాళ్లు ఇరవై మంది, సైకిళ్లు పది. హైవే మీద డబుల్స్ వద్దని వార్డెన్ గారి ఖచ్చితమైన మాట. చీట్లు వేద్దామన్నారు కొందరు. చీటీలో పేరు రానివాడి ముఖం ఎలా ఉంటుందో మనకు తెలియనిది కాదు. ఒక ఎనిమిదో తరగతి తమ్ముడు దారి చూపించాడు. పదిమంది ఎదుర్లంక వరకు తొక్కాలి. మిగతా పదిమంది కాకినాడ బస్సులో వచ్చి అక్కడ దిగాలి. వారధి మాత్రం ఇరవై మందీ సైకిళ్లు నడిపించుకుంటూ కలిసి దాటాలి. యానాంలో మొదటివాళ్లు బస్సెక్కితే, రెండోవాళ్లు సైకిలెక్కుతారు. ఒకరికి ఉదయం మంచు, ఒకరికి గోదావరి పంటు. ఈ ఏర్పాటుకు అందరూ చప్పట్లు కొట్టారు.

తల్లిదండ్రుల సంతకాలు తేవడం మాత్రం అంత తేలిక కాలేదు. 2022 మే 24న జిల్లా పేరు విషయంలో అమలాపురంలో జరిగిన గొడవలు, మంటలు వాళ్లకింకా గుర్తున్నాయి. "గుంపుగా వెళ్తే ఎవరేమంటారో" అని ఒక అమ్మ భయపడింది. జెండాలు కట్టాలా వద్దా అని మేమూ చాలాసేపు మాట్లాడుకున్నాం. చివరికి ముందు సైకిల్‌కు మన హాస్టల్ పేరున్న బోర్డు ఒక్కటే కట్టాలనుకున్నాం. మన పేరు దాచం, నినాదాలు ఇవ్వం. రోడ్డు అందరిదీ అయినప్పుడు దాని మీద మామూలుగా వెళ్లి రావడమే మా మాట. ట్యూటర్ గారు మోటారుసైకిల్ మీద వెనక వస్తానన్నాక ఆ అమ్మ సంతకం పెట్టింది. ఇప్పటికి పదిహేడు సంతకాలు వచ్చాయి. ఇంకా మూడు రావాలి.

పూర్వ విద్యార్థులైన అన్నయ్యలారా, ఇదే మా విన్నపం. ముమ్మిడివరంలో, మురమళ్లలో, ద్రాక్షారామంలో, ముక్తేశ్వరంలో మీలో చాలామంది ఉన్నారు. వాడకుండా గోడకు ఆనించిన సైకిల్ ఉంటే ఒక్కరోజుకు ఇవ్వండి, ఇంకొకడు చివరిదాకా తొక్కుతాడు. సైకిల్ లేకపోతే ఆ ఆదివారం రోడ్డు పక్కన ఒక బిందెడు మంచినీళ్లు పెట్టండి. అదీ కుదరకపోతే, సంతకం ఇంకా రాని ఆ మూడిళ్లకు వెళ్లి ఒక మాట చెప్పండి. మా మాటకంటే మీ మాటకు విలువెక్కువ.

ఇట్లు,
మీ హాస్టల్ పదో తరగతి విద్యార్థులు