ఇంట్లో ఎవరూ లేరు!

రాత్రి పదిన్నరకి ఫోన్ మోగిందంటే అది అమెరికా నుంచే. దసరా వెళ్లాక అమ్మా నాన్నా డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉండే అక్క దగ్గరికి వెళ్లారు. అక్కడప్పుడు పొద్దున్న పదకొండు. అక్కా బావా ఆఫీసులకీ, పిల్లలు స్కూలుకీ వెళ్లిపోయాక అమ్మ తీరిగ్గా వీడియో కాల్ చేస్తుంది.

సంక్రాంతి వెళ్లిన వారం అలాగే చేసింది. చూద్దును కదా... అమ్మ శాలువా కప్పుకుని ఉంది. పక్కన సోఫాలో నాన్న- స్వెటరు, మేజోళ్లు, నెత్తిన మంకీ క్యాప్!

‘‘ఎక్కడికైనా బయల్దేరారా?’’ అన్నాను.

‘‘లేదే, పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది.’’

‘‘మరి నాన్నకి ఆ టోపీ ఏంటి? హీటర్ పాడైందా?’’

‘‘అబ్బే, సాయంత్రానికి అదే వేడెక్కుతుందిలే’’ అని అమ్మ మాట మార్చేసింది.

మర్నాడు అక్కని అడిగితే తెల్లబోయింది. ‘‘చలేంటి? నేనొచ్చేసరికి ఇల్లు వెచ్చగా ఉంటుందే!’’ అంది. ఇద్దరూ నిజమే చెప్పారు. ఆ ఇల్లు పగలొక రకంగా, సాయంత్రం ఇంకో రకంగా ఉంటోందన్నమాట. అక్క చూడని పగటి ఇంటిని ఇక్కడ హైదరాబాద్‌లో కూర్చుని నేను చూస్తున్నాను.

సంగతేంటంటే, డిసెంబరులో బావ గోడ మీదున్న పాత థర్మోస్టాట్ పీకేసి స్మార్ట్‌ది పెట్టించారు. అక్కడి ఇళ్లలో మనలా గదికో ఏసీ ఉండదు. చలికాలం వేడిగాలి, ఎండాకాలం చల్లగాలి ఒకే గొట్టాల్లోంచి ఇల్లంతటికీ వస్తాయి. ఎప్పుడు రావాలో, ఎప్పుడు ఆగాలో చెప్పే పెద్దమనిషే థర్మోస్టాట్. అమెరికా ఇళ్లలో వాడే ఇంధనంలో సగం దాకా ఈ చలీ వేడీ పనికే పోతుంది. రోజుకి ఎనిమిది గంటలు ఏడు నుంచి పది డిగ్రీల ఫారన్‌హీట్ సర్దుకుంటే, ఆ ఖర్చులో ఏడాదికి పది శాతం దాకా మిగులుతుందని అక్కడి ఇంధన శాఖే చెబుతుంది. ఇంట్లో లేనప్పుడు తగ్గించడం మనం మర్చిపోతాం కదా, స్మార్ట్‌ది మర్చిపోదు. బావ లెక్క అదీ.

మరి ఇంట్లో ఎవరూ లేరని దానికెలా తెలుస్తుంది? ఫోన్లని బట్టి! బావ ఫోనూ, అక్క ఫోనూ ఇల్లు దాటి కాస్త దూరం వెళ్లాయంటే ఇల్లు ఖాళీ అనుకుంటుంది. 72 డిగ్రీల మీదున్న వేడిని 60కి దించేస్తుంది. సాయంత్రం ఆ ఫోన్లు దగ్గరికొస్తుంటే మళ్లీ వేడి పెంచుతుంది. ఇండియా నుంచి తీసుకెళ్లిన అమ్మ ఫోన్‌ని ఆ యాప్‌లో కలపాలని ఎవరికీ తట్టలేదు. నాన్న దగ్గర అసలు స్మార్ట్‌ఫోనే లేదు. అంచేత ఆ యంత్రం దృష్టిలో, పప్పు ఉడుకుతున్నా, టీవీలో పాత సినిమా ఆడుతున్నా... ఇంట్లో ఎవరూ లేరు.

ఇది బయటపడిన రాత్రి నాన్న తన డైరీ తెచ్చి చూపించారట. మా నాన్న రిటైరైన లెక్కల మాస్టారు. ‘‘60లోంచి 32 తీసేస్తే 28. అయిదుతో హెచ్చవేసి తొమ్మిదితో భాగిస్తే పదిహేనున్నర సెల్సియస్’’ అని మొదటి రోజే లెక్క కట్టేశారు. ఆ తర్వాత రోజూ పదింటికీ, మూడింటికీ గోడ దగ్గరికెళ్లి అంకె చూసి రాసుకున్నారు. అలా పదకొండు రోజులు!

‘‘చూసినవాళ్లు ఆ బాణం గుర్తు ఒక్కసారి నొక్కలేకపోయారా నాన్నా?’’ అంటే ఆయన జవాబు- ‘‘అల్లుడు ముచ్చటపడి పెట్టించుకున్నాడు. ఆయనింట్లో గోడ మీది మిషన్ మనం ముట్టుకుంటామా అమ్మా?’’

అక్క ఆ రాత్రి ఏడ్చింది. బావైతే ఆ డైరీ వంక చూడలేకపోయారు. వయసు పెరిగేకొద్దీ ఒంట్లో వేడి పుట్టడం తగ్గుతుంది, చలి తొందరగా పట్టేస్తుంది. కరెంటు లెక్కలన్నీ వేసిన బావకి ఈ లెక్క ఒక్కటే తట్టలేదు.

నాన్నని నవ్విద్దామని తర్వాత నేనో కథ చెప్పాను. గది థర్మోస్టాట్ పుట్టిందే ఓ మాస్టారి చేతిలో. పేరు వారెన్ జాన్సన్. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పాఠాలు చెప్పేవారు. కొలిమి కింద నేలమాళిగలో ఉండేది. పనివాడు ఒక్కో క్లాసులోకీ వచ్చి ఎంత చలిగా ఉందో చూసి, కిందికెళ్లి సరిచేసేవాడు. మాటిమాటికీ పాఠం ఆగిపోతోందని విసిగి, గదిలోంచే కబురందించే విద్యుత్ పరికరం తయారుచేశారు జాన్సన్. 1883లో పేటెంటూ తీసుకున్నారు. అంతా విని నాన్న ‘‘ఆ పనివాడే నయమమ్మా. గదిలోకి వచ్చి చూసేవాడు’’ అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

మర్నాడే బావ ఆ ఫోన్ల పద్ధతి తీసేశారు. పగలు 72, రాత్రి 68 అని మామూలు టైమ్‌టేబుల్ పెట్టి, నాన్న చేతే బాణం నొక్కించారు. ఆయన ఒక డిగ్రీ పెంచి, ఎవరూ చూడనప్పుడు మళ్లీ తగ్గించేశారట!

మీ అమ్మానాన్నలు కూడా పిల్లల దగ్గరికి వెళ్తుంటే, ఆవకాయ సీసాలతో పాటు ఓ మాట కూడా సర్దండి. ఆ గోడ మీది డబ్బా ఇంట్లో మనిషిని ఎలా గుర్తుపడుతుందో ముందే అడగమనండి. ఫారన్‌హీట్ లెక్క రాసివ్వండి. అన్నిటికన్నా ముఖ్యం, దాన్ని ముట్టుకోవచ్చని పిల్లల నోటితో చెప్పించండి.

అక్కకి ఈ నీతులన్నీ చెప్పి ఫోన్ పెట్టేశాక నాకో సంగతి గుర్తొచ్చింది. కిందటి మేలో మా హాల్లో ఏసీ 18 మీద ఉండేది. 2020 నుంచి మన దేశంలో స్టార్ రేటింగ్ ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 చూపించాలన్నది నిబంధన. డిగ్రీ పెంచితే ఆరు శాతం దాకా కరెంటు ఆదా. ఇవన్నీ రాసిందీ నేనే, రోజూ 24ని 18కి దించిందీ నేనే. అమ్మ కొంగు భుజాల చుట్టూ కప్పుకునేది. నాన్న పేపర్ పట్టుకుని బాల్కనీలోకి వెళ్లేవారు. ఎండలో ఆయనకి బాల్కనీ ఎందుకిష్టమో నేనెప్పుడూ అడగలేదు. రిమోట్ నా దిండు కింద ఉండేది.

ఏప్రిల్లో వాళ్లు తిరిగొచ్చారు. ఇప్పుడు మా హాల్లో ఏసీ 26, పైన ఫ్యాన్ రెండు మీద. రిమోట్ నాన్న కుర్చీ పక్కన స్టూలు మీద. మొన్న ఆయన డైరీలో కొత్త పేజీ కనబడింది. తారీకు, పక్కన 26, దాని పక్కన ఒకే మాట- ‘బావుంది’.