మూడా? అయిదా?

మనుషుల పేర్లు మరిచిపోవడం నాకు కొత్త కాదు. ముప్పయ్యేళ్లు బ్యాంకు కౌంటర్లో కూర్చున్నవాణ్ణి. మొహాలు గుర్తుండేవి కావు గాని సంతకాలు గుర్తుండేవి. చెట్ల విషయంలో నాకు ఆ మాత్రం విద్య కూడా లేదు. నా లెక్కలో లోకంలో చెట్లు మూడే రకాలు: కాయలు తినేవి, పూలు కోసుకునేవి, ఊరికే నీడన కూర్చునేవి. ఈ మూడో రకం వల్లే పోయిన సంక్రాంతికి మా అత్తవారింట్లో నా పరువు కాస్తా పోయింది.

మా ఊరు గిద్దలూరు దగ్గర, నల్లమల అంచున. నాన్న వదిలిపెట్టిన రెండెకరాల చేను గట్టున ఓ పెద్ద చెట్టు ఉండేది. దాన్ని ఎవరూ నాటలేదు. నాన్న చిన్నప్పుడు దానంతటది మొలిచిందట. నాగలి తగలకుండా చుట్టూ తిప్పి దున్నుకుంటూ దాన్ని బతికించాడు. నేను డిగ్రీ పరీక్షలకి చదివింది దాని కిందే. నాన్న కంచంలో సంగటి పెట్టుకుని తిన్నదీ దాని కిందే. కిందటి వేసవిలో పాత ఇంటి కప్పు బాగుచేయించడానికి డబ్బు కావలసివచ్చింది. కట్టెల వ్యాపారి వచ్చి చెట్టు చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఇదేదో పిచ్చిచెట్టు సార్, పొయ్యిలోకి తప్ప పనికిరాదు. కాగితాలూ అవీ నేను చూసుకుంటాలెండి" అన్నాడు.

ఆరువేలకు బేరం కుదిరింది. అప్పుడు చెట్టుకి ఒక్క ఆకు లేదు. గొడ్డలి పడ్డాక కూలివాడు కేకేశాడు: "సారూ, దీనికి నెత్తురు కారుతుండాదే!" వెళ్లి చూశాను. నిజమే, దెబ్బ పడ్డచోట ఎర్రగా జిగురు దిగుతోంది. ఎందుకో మనసు చివుక్కుమంది. కాని బస్సు వేళయింది. వచ్చేశాను.

ఈ ముచ్చట సంక్రాంతినాడు మా మామగారికి తమాషాగా చెప్పాను. ఆయన ఫారెస్టు గార్డుగా చేసి రిటైరైనవారు. ఎనభై దాటాయి. ఒక కంటికి శుక్లాలు తీశారు, రెండో కన్ను అంతంతమాత్రం. చెబుతుంటే కాఫీగ్లాసు కింద పెట్టేశారు.

"ఆకు ఎట్టుండేది అల్లుడుగారూ?"

"ఆకా? ఆకులాగే ఉండేదండీ."

లోపల్నుంచి మా ఆవిడ నవ్వు వినిపించింది. మామగారు నవ్వలేదు.

"కొడితే ఎర్రజిగురు కారేవాటిలో మోదుగ ఒకటి. అది మీకు తెలీకపోదు, ఆ ఆకుతో కుట్టిన విస్తట్లో తిని పెరిగారు. అది కాదంటే మన కొండల్లో ఇంక రెండే చూసుకోవాల. ఒకటి ఎర్రచందనం, రెండోది ఏగిస. కాడకి సాధారణంగా మూడే గుండ్రటి ఆకులుంటే ఎర్రచందనం. అయిదో ఏడో ఉండి కాస్త పొడుగ్గా ఉంటే ఏగిస. ఇప్పుడు చెప్పండి, మూడా? అయిదా?"

నలభై ఏళ్లు ఆ నీడన కూర్చున్న మనిషిని నేను. ఆ ఆకులు నా పుస్తకాల మీద రాలాయి. పేజీ గుర్తుకోసం వాటిని పుస్తకంలో పెట్టుకున్నాను కూడా. అయినా మూడో అయిదో చెప్పలేకపోయాను.

"మూడే అయితే?" అంది మా ఆవిడ గుమ్మంలోకి వచ్చి.

"మూడే అయితే అల్లుడుగారు జైలు చూసి రావాల్సిందే. ఎర్రచందనం కొట్టించడమంటే మాటలా? ఏగిసైనా సరే, చేను మనదే కదా అని అనుమతి లేకుండా చెట్టు కొట్టకూడదు. 2002లో వాల్టా చట్టం వచ్చింది గదా."

మా ఆవిడ నవ్వు ఆగిపోయింది. ఆ రాత్రి నాకు నిద్రలేదు.

తెల్లారగానే మామగారు చేతికర్ర పట్టుకుని, రెండో చేత్తో నా భుజం పట్టుకుని బయల్దేరదీశారు. ఊరి చివర వాగు దాటితే అడవే. కళ్లు సరిగా కనబడని మనిషి నాకు చెట్లు చూపిస్తానంటే లోపల నవ్వొచ్చిందిగాని, ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. నన్ను ఆకు తెమ్మనడం, తను తడిమి చెప్పడం, అదీ వరస.

మొదట చాటంత ఆకు తెచ్చిచ్చాను. "పైన గరుకు కాగితంలా లేదూ? టేకు. లేత ఆకు తుంచి అరచేతిలో నలపండి." నలిపాను. చెయ్యి గోరింటాకు పెట్టినట్టు ఎర్రబడింది. ఈ పరీక్ష ముందే తెలిసుంటే నా జన్మకి కనీసం టేకుచెట్టయినా గుర్తుండిపోయేది.

తర్వాత మరో ఆకు. "తిరగేసి, నడిమి ఈనె మీద మొదలు దగ్గర వేలు పెట్టండి. పులిపిర్లలాంటివి తగుల్తున్నాయా? నల్లమద్ది. నమ్మకం లేకపోతే మాను చూడండి, మొసలి చర్మంలా ఉంటది." ఉంది.

మూడోది చిన్నచిన్న ఆకుల రెమ్మ. "సూర్యుడికి అడ్డంపెట్టి చూడండి" అన్నారు. సూదితో పొడిచినట్టు వెలుగుచుక్కలు. నలిపితే ఘాటు. "బిల్లుడు. ఆ చుక్కలన్నీ నూనె తిత్తులు."

"ఇంగ్లీషులో హార్డ్‌వుడ్ అంటారు గదా మామగారూ, గట్టి కర్ర ఉన్నవన్నీ అదేనా?" అన్నాను, నా పరిజ్ఞానం కొంత ప్రదర్శించుకుందామని.

"ట్రైనింగులో మాకూ ఇదే తికమక. వాళ్ల లెక్క కర్ర గట్టితనం కాదు. సూదుల్లాంటి ఆకులుండే పైన్ జాతివి సాఫ్ట్‌వుడ్, వెడల్పాకు చెట్లన్నీ హార్డ్‌వుడ్. గోరు దిగే బూరుగ కూడా వాళ్లకి హార్డ్‌వుడ్డే! మన మాట మేలు. చేవ ఉందా లేదా అని అడుగుతాం."

మధ్యాహ్నం ఒక్కణ్ణే మా చేనుకి పోయాను. మొద్దు చుట్టూ నాలుగు చిగుళ్లు లేచి ఉన్నాయి, నా నడుమెత్తున. వానలు వాటికి బాగా కలిసొచ్చాయి. ప్రాణం లేచొచ్చింది. గబగబా ఒక ఆకు తుంచి చొక్కా జేబులో వేసుకుని పరుగున వచ్చాను.

మామగారు దాన్ని తడిమి తిరిగి నా చేతిలోనే పెట్టారు. "ఇది ఆకు కాదు, ఆకులో ముక్క."

"అదేమిటండీ?"

"కాడ కొమ్మని అంటుకునేచోట లోపలివైపు చిన్న మొగ్గ ఉంటది. ఆ మొగ్గ దగ్గర్నుంచి చివరిదాకా ఉన్నదంతా కలిపి ఒకటే ఆకు. వేపరెమ్మ అనుకుంటామే, చూసేందుకు బోలెడు ఆకులు, నిజానికి అది ఒక్క ఆకే. మీరు చేతివేలు ఒకటి తెచ్చి మనిషిని గుర్తుపట్టమంటే ఎట్టా?"

మళ్లీ వెళ్లాను. ఈసారి మొగ్గతో సహా తెచ్చాను. దారిలో లెక్కపెట్టాలని ఎంత అనిపించినా ధైర్యం చాలక పెట్టలేదు. మామగారు అరుగుమీద కూర్చుని, కళ్లు మూసుకుని, కాడ మొదలు పట్టుకుని పైకి తడుముకుంటూ పోయారు. "ఒకటి... ఇటుపక్క రెండు... మూడు..." అక్కడ ఆగారు. మా ఆవిడ నా వంక చూసింది. "నాలుగు... కొసన అయిదు. చివర చిన్న నొక్కు. ఏగిస."

జైలు తప్పింది. అందరం నవ్వేశాం. అప్పుడు మామగారు మెల్లిగా అన్నారు: "మంచి కలప అల్లుడుగారూ. దర్వాజాలకీ, బండ్లకీ వాడేవాళ్లు. పొయ్యిలోకి ఇచ్చేశారే!"

మాట మార్చడానికన్నట్టు మా ఆవిడ నా మందునీళ్లు తెచ్చింది. నాకు షుగరుంది. కర్రగ్లాసులో రాత్రి నీళ్లు పోసుకుని పొద్దున్నే తాగితే మంచిదని ఎవరో చెబితే, ఎగ్జిబిషన్లో మూడువందల యాభై పెట్టి కొన్నాను. డాక్టరిచ్చిన మాత్రా మానలేదు, ఈ నీళ్లూ మానలేదు. ఆ పొద్దున అడవికి పోయే హడావుడిలో తాగడం మరిచాను. మామగారు చెయ్యి చాచి గ్లాసు అందుకుని తడిమారు. రంగు తిరిగిన నీళ్లు వాసన చూశారు.

"ఇదీ ఏగిసే" అన్నారు.

ఈసారి ఎవ్వరం నవ్వలేదు. నాకు డబ్బు పోయిందని కాదు. ఆ చెట్టు పేరు నాన్నకి తెలియకుండా ఉండదు. ఎప్పుడో నాకు చెప్పే ఉంటాడు. నేను పుస్తకంలోంచి తలెత్తకుండా "ఊఁ" అనేసి ఉంటాను.

మామగారు చెప్పినట్టు నాలుగు చిగుళ్లలో బలమైనదాన్ని ఉంచి మిగతావి తీసేశాను. మేకలు ముట్టకుండా చుట్టూ కంప వేయించాను. సెలవులకి వచ్చిన మనవణ్ణి తీసుకెళ్లి, మొగ్గ ఎక్కడుందో చూపించి, ఆకులు లెక్కపెట్టించాను. వాడు రెండుసార్లు లెక్కపెట్టి, "తాతా, ఇది ఏడు!" అని గెలిచినట్టు చెప్పాడు. ఏడైనా ఏగిసేరా అన్నాను. అంత ధీమాగా నేను ఒక చెట్టు పేరు చెప్పడం జన్మలో అదే మొదలు.

మీ ఇంటిముందు చెట్టుకి కాడకి ఎన్ని ఆకులో మీకు తెలుసా? ఇప్పుడే లేచి చూడక్కర్లేదు. కాని వ్యాపారి వచ్చి దాని చుట్టూ తిరిగేలోగా ఒకసారి చూసిపెట్టుకోండి.