చివరివాళ్ల విశ్రాంతి

చదును నేల మీద గుంపుగా సైకిల్ తొక్కడంలో ఓ సుఖముంది. విశాఖ నుంచి అరకుకు బయలుదేరి, పెందుర్తి, కొత్తవలస దాటి శృంగవరపుకోట దాకా మేమంతా ఒకే వరసలో వచ్చాం. ముందున్నవాడు ఎదురుగాలిని మోస్తాడు, వెనకున్నవాళ్లు ఆ చాటున నడిచిపోతారు. గంటకు ముప్ఫై కిలోమీటర్ల వేగంలో, ముందువాడి చక్రానికి దగ్గరగా ఉంటే శ్రమలో పావు వంతు వరకూ ఆదా అవుతుంది. అందుకే వంతులు మార్చుకుంటారు. నా వంతు రాబోతే ఎవరో ఒక కుర్రాడు "మీరు వెనకే ఉండండి మేడమ్" అని ముందుకు జరిగేవాడు. యాభై దాటిన లెక్కల టీచరూ పాతికేళ్ల సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లూ అలా కబుర్లు చెప్పుకుంటూ ఒకే వేగంతో పోవచ్చు.

ఘాట్ రోడ్డు మొదలవగానే ఆ సుఖం పోతుంది. గంటకు ఏడెనిమిది కిలోమీటర్లతో పాకుతున్నప్పుడు గాలితో పెద్దగా పేచీ ఉండదు. పేచీ అంతా బరువుతోనే. ఎవరి చాటున నడిచినా మన ఒళ్లూ మన సైకిలూ మనమే ఎక్కించుకోవాలి. సముద్రమట్టానికి దగ్గరగా ఉండే విశాఖ నుంచి తొమ్మిది వందల మీటర్ల పైచిలుకు ఎత్తున్న అరకు లోయకు వెళ్లే దారి ఇది, మధ్యలో అంతకన్నా ఎత్తు కూడా ఎక్కాలి. పక్క కొండల్లో కొత్తవలస-కిరండూల్ (కేకే) లైను రైలు సొరంగాల్లో దూరి తేలిగ్గా ఎక్కినట్టు కనిపిస్తుంది గానీ, 996 మీటర్ల ఎత్తున్న శిమిలిగుడ స్టేషన్‌కు చేరడానికి అదీ చాలా చుట్టూ తిరగాల్సిందే.

"ఘాట్‌లో ఎవరి తొక్కుడు వాళ్లదే. కలిసేది ఆగేచోటే" అన్నారు మా టూర్ నడిపించే పెద్దాయన. గుంపులో అందరికన్నా బలంగా తొక్కే కుర్రాణ్ని ముందుకు పంపకుండా చిట్టచివర పెట్టారు. పంపు, పాత ట్యూబులు, చైను తెగితే కలిపే పనిముట్టు, అన్నీ అతని సంచిలోనే. అలా చివర వచ్చేవాణ్ని సైక్లింగ్ వాళ్లు 'స్వీప్' అంటారు. నా వెనకాల అతను, అతని వెనకాల ఎవరూ లేరు.

టైడ దగ్గర మొదటి మజిలీ. నేను చేరేసరికి ముందువాళ్లు ఇడ్లీలు తిని, టీలు తాగి, ఫొటోలు దిగి, చెమట ఆరబెట్టుకుని ఉన్నారు. నన్ను చూసి చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలో వెక్కిరింత లేదు, ప్రేమే. "మేడమ్ వచ్చేశారు, ఇక పదండి!" అని లేచారు. నేను ఒక కాలు ఇంకా పెడల్ మీదే ఉంచి నీళ్లు తాగాను.

డముకు దగ్గరా అదే జరగబోయింది. కుర్రాళ్లు హెల్మెట్లు అందుకుంటుంటే పెద్దాయన కేకేశారు. "కూర్చోండర్రా! బ్రేకు ఇప్పుడే మొదలైంది."

నాకు ఆ మాట కాసేపు అర్థం కాలేదు, టీ గ్లాసు చేతికొచ్చాక అర్థమైంది. అందరి కోసం ఆగుతున్నామనుకుంటాం. నిజానికి బలమున్నవాడికి అరగంట విశ్రాంతి, బలం చాలనివాడికి రెండు నిమిషాలు. ఎవరికి ఎక్కువ కావాలో వాళ్లకే తక్కువ దక్కుతుంది. ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు, మంచి మనసుతో ఆగినవాళ్లే ఈ పని చేస్తారు. తరగతి గదిలోనూ ఇంతే. చురుకైన పిల్లలు లెక్క ముగించి కిటికీలోంచి చూస్తుంటారు. చివరి పిల్ల కలం కింద పెట్టి తలెత్తేలోపు బోర్డు మీద రెండో లెక్క పడుతుంది.

టీ పోసిన ఆమె మమ్మల్ని ఎగాదిగా చూసి, "ఏటమ్మా, అరుకు బస్సులు నడవట్లేదేటి?" అంది. ఎవరి దగ్గరా సరైన జవాబు లేదు.

కుర్రాళ్ల వైపూ న్యాయముంది. చెమట పట్టిన ఒంటితో చలిగాలిలో అరగంట కూర్చుంటే కండరాలు బిగుసుకుంటాయి, మళ్లీ ఎక్కుడు మొదలెట్టడం నరకం. కాబట్టి నెమ్మదిగాళ్ల కోసం త్యాగం చేయమని వాళ్లకు నీతి చెబితే లాభం లేదు. అనంతగిరి దగ్గర ఇద్దరు వాళ్లంతట వాళ్లే ఉపాయం కనిపెట్టారు. ఊరికే కూర్చోలేక రెండు మలుపులు కిందికి దిగొచ్చి, మాతో పాటు మళ్లీ ఎక్కారు. కాఫీ తోటల మధ్య, సిల్వర్ ఓక్ చెట్లకు పాకిన మిరియాల తీగలు చూస్తూ, కొత్తవలస దాకా చెప్పుకున్న కబుర్లే మళ్లీ చెప్పుకున్నాం. వాళ్లు చెప్పారు, నేను వగర్చాను.

టూర్ డి ఫ్రాన్స్ లాంటి పందెంలో కూడా కొండల రోజున వెనకబడిన వీరులు ఒక్కొక్కరుగా మిగిలిపోరు. చదును నేల మీద గెలిచే దిట్టలంతా వెనక ఒక గుంపు కట్టి, గడువు లెక్కేసుకుంటూ కలిసి గట్టెక్కుతారు. మేమూ, అంటే వెనకబడినవాళ్లం, గాలికొండ దాకా అలాగే ఒకరికొకరం కనుచూపు మేరలో ఎక్కాం.

దిగుడులో మాత్రం బరువు చుట్టమైపోతుంది. సుంకరిమెట్ట వైపు దిగుతూ, బ్రేకులు అదేపనిగా పట్టి ఉంచకుండా మలుపుకు ముందు నొక్కి, తర్వాత వదిలేస్తూ, పెడల్ తొక్కకుండానే ఇద్దరు బక్కపల్చని కుర్రాళ్లను దాటేశాను. ఈ ఒక్క వాక్యం రాయడానికే ఈ వ్యాసం అనుకున్నా నాకు అభ్యంతరం లేదు.

మర్నాడు పాడేరు దారి. పెద్దాయన మమ్మల్ని, నెమ్మదిగాళ్లను, అరగంట ముందే బయలుదేరదీశారు. మొదటి మజిలీకి అందరం ఇంచుమించు ఒకేసారి చేరాం, అందరికీ వేడి టీ దొరికింది. గుంపును నడిపించే బాధ్యత మీకుంటే, బ్రేకు ఎంతసేపో చెప్పేముందు చివరి మనిషి సైకిల్ స్టాండు వేశాడో లేదో ఒకసారి వెనక్కి తిరిగి చూడండి.