పదహారణాల విలువ

నల్లగొండ చెంతనున్న పానగల్ కందూరి చోడుల ఏలుబడిలో వెలుగొందిన ఊరు. పచ్చల సోమేశ్వరాలయాన్నీ, ఛాయా సోమేశ్వరాలయాన్నీ చూడటానికి దూరప్రాంతాల వారు అక్కడికి వస్తారు. ఆ ఊరి విశ్రాంత ఉపాధ్యాయుడొకరు మాత్రం చరిత్రను అరచేతిలో పెట్టుకొని చూస్తారు. ఆయన పాత నాణేల సంగ్రాహకుడు.

ఆయన పెట్టెలో ఎక్కువగా ఉన్నవి హైదరాబాదు రాజ్యపు హాలీ సిక్కాలు. ఆ లెక్కలో రూపాయికి పదహారణాలు, అణాకు పన్నెండు పైలు. ఇరవయ్యో శతాబ్ది ఆరంభం నుండి ఆ రూపాయిపై చార్మినారు కనిపిస్తుంది. దాని కమాను నడుమ మహబూబ్ అలీఖాన్ కాలంలో 'మీమ్' అక్షరం, 1911లో గద్దెనెక్కిన ఉస్మాన్ అలీఖాన్ కాలంలో 'ఐన్' అక్షరం ముద్రించారు.

ఆంగ్లేయుల రూపాయిని జనం 'కల్దారు' అనేవారు. ఆరు కల్దార్లకు ఏడు హాలీ రూపాయలు సమానం. పాత కల్దారు 11.66 గ్రాములు తూగుతుంది. అందులో నూటికి దాదాపు 92 పాళ్లు వెండి. హాలీ రూపాయి సుమారు 11.18 గ్రాములు, వెండి 82 పాళ్లు. కాగితంపై లెక్క కట్టి చూస్తే ఆ మారకపు మర్మం విద్యార్థికి సైతం బోధపడుతుంది.

1957 ఏప్రిల్ 1న దేశంలో దశాంశ నాణేలు వచ్చాయి. 1959లో హాలీ సిక్కా చెల్లుబాటు ముగిసింది. పన్నెండు పెన్నీల షిల్లింగును, ఇరవై షిల్లింగుల పౌండును లెక్కించిన బ్రిటన్ సైతం 1971 ఫిబ్రవరి 15న దశాంశ పద్ధతికి మారింది. అణా పోయినా 'చారాణ కోడికి బారాణ మసాల' అనే సామెత తెలంగాణ నాలుకపై నిలిచింది.

పొలంలో నిధి దొరికితే 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలని ఆయన రైతులకు చెబుతుంటారు. నాణెం తోమితే మెరుపు వచ్చినా విలువ తరుగుతుందని హెచ్చరిస్తుంటారు.

ఒకనాడు పొరుగింటి ఇల్లాలు కొంగున ఏడు రూపాయలు ముడివేసుకొని కంసాలి వద్దకు బయలుదేరింది.

"కరగవెట్టిస్త సారూ! ఎంతొస్తే అంతే. పిలగాని కాలేజీ ఫీజు కట్టాలె" అన్నది.

వాటిలో రెండింటిపై 'మీమ్' ఉంది. అన్నాళ్లుగా ఆయన వెదకుతున్నవి అవే. వెండి ధరకే అడిగినా ఆమె సంతోషంగా ఇచ్చేది. ఆయన కాసేపు మౌనంగా ఉండి, "అమ్మా, ఈ రెండు తూకానికి ఇయ్యకు. వీటికి ఎక్కువొస్తది. అంత పెట్టే శక్తి నాకు లేదు. పట్నంల కొనేటోళ్లున్నరు, చిట్టీ రాసిస్త" అన్నారు.

ఆమె అనుమతితో కాగితం కింద నాణేలనుంచి, పెన్సిలుతో రుద్ది అచ్చులు తీసుకున్నారు. నేటికీ ఆయన పుస్తకంలో ఆ పుటపై ఉన్నవి ఆ రెండు నల్లని అచ్చులే. విలువ తెలిసినవాడు తెలియనివారికి దానిని దాచకపోవడమే సంగ్రాహకుని నీతి.