పొత్తు వ్యాపారమున స్త్రీ భాగము

పొత్తు వ్యాపారములలో మన స్త్రీల పేరులు చేరుట నేడు సామాన్యమైనది. భర్త సర్కారు ఉద్యోగి యగుటచేతనో, పన్నుల నిమిత్తముననో, భర్త గతించిన పిదప ఆయన స్థానమును నిలుపుటకో భార్యపేరు పత్రములోనికి వచ్చును. సంతకము పెట్టుమన్న చోట పెట్టుదుము. ఆ పత్రము మరల మన కంటబడునది తగవు వచ్చిననాడే. తాండూరులో నొక సోదరికి సంభవించిన కష్టమును, ఆ సందర్భమున మేము చదివి తెలిసికొన్న సంగతులను పాఠకురాండ్రకు విన్నవింపదలచితిమి. ఆమె పేరుగాని ఎదుటివారి పేరుగాని ఇందు చెప్పము.

తాండూరనగనే ఎవరికైనను నాపరాయి జ్ఞప్తికి వచ్చును. ఆ సీమ కందులకు 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది, నిజమే; అయినను ఆ యూర ననేకుల కూడు రాతిలోనే యున్నది. పొరలుపొరలుగా నున్న రాతిని పలకలుగా లేపి, కోసి, నునుపుచేసి లారీల కెక్కింతురు. వికారాబాదున మా యింటి వసారాలో పరచినదియు ఆ బండయే. కోత యంత్రము, పాలిషింగు యంత్రము, కరెంటు, కూలి—ఇంత పెట్టుబడి యొక్కనివలన గాదు. కావున ఇద్దరు ముగ్గురు కూడి కర్ఖానా పెట్టుట వాడుక.

ఆ సోదరి భర్త తన స్నేహితునితో సరిసగము పొత్తున నట్టి కర్ఖానా యొకటి పెట్టెను. ఆయన పోయిన తరువాత క్రొత్త పత్రము వ్రాసి ఆమెను భాగస్వామినిగా చేర్చుకొనిరి. రెండేండ్లు నెలనెల కొంత సొమ్ము వచ్చెను, పిమ్మట తగ్గెను, పిమ్మట నిలిచిపోయెను. ఆమె స్వయముగా పోయి చూడగా గేటునకు క్రొత్త తాళము వ్రేలాడుచుండెను. ఫోను చేసి యడిగినందులకు, "వదినా, నీకు ఈ పని రాదు. కష్టపడేది నేను. ఇగ నువ్వు పొత్తుల లేవు. పెద్దమనుషులు చెప్పినంత ఇస్త, దస్కతు పెట్టు" అని యతడు ప్రత్యుత్తర మిచ్చెనట. ఆమె రైలెక్కి వికారాబాదులో మా పొరుగున నున్న అక్కగారి యింటికి వచ్చి, పత్రమును మా చేతిలో బెట్టి, "గిట్ల నన్ను ఎల్లగొట్టనీకి వస్తదా అమ్మా?" అని యడిగెను.

మేము వకీలు కాము. కాని ఇంట కూర్చుండి పంచకావ్యములు చదివినవారికి చట్టభాష యంతగా వెరపు పుట్టింపదు. రెండును అన్వయము కుదిరిననే గాని అర్థము చెప్పవు. 1932 నాటి భారత భాగస్వామ్య చట్టమును ముందు పెట్టుకొని చదివితిమి. నిజాము రాజ్యము పోయిన తరువాత 1951లో ఆ చట్టము మన ప్రాంతమునకును వర్తించెను. ఆమె ప్రశ్నకు సమాధానము 33వ సెక్షనున నున్నది. భాగస్వామిని వెడలగొట్టు నధికారము పత్రములో వ్రాసియుండవలెను. వ్రాసియున్నను దానిని సద్బుద్ధితో ప్రయోగింపవలెను. లేనిచో ఎంతమంది యొక్కటైనను ఒకరిని త్రోసివేయరాదు. ఆ పత్రములో నట్టి మాటయే లేదు. పైగా భాగస్వాము లిద్దరే! ఇరువురిలో నొకరిని వెడలగొట్టిన మిగిలినది పొత్తెట్లగును? అతనికి పొసగనిచో, గడువు నియమింపని పొత్తు గనుక, 43వ సెక్షను ననుసరించి వ్రాతమూలకముగా నోటీసిచ్చి పొత్తునే రద్దు చేయవచ్చును. అప్పుడు లెక్క చెప్పక తప్పదు. తాళము వేసినవారు కోరునది ఆ లెక్క చెప్పకుండుటయే యని మాకు తోచినది.

పత్రములో వేరుగ వ్రాసికొననంతవరకు ప్రతి భాగస్వామికిని వ్యాపార నిర్వహణమున పాల్గొను హక్కును, ఖాతాపుస్తకములను చూచి నకలు వ్రాసికొను హక్కును 12వ సెక్షను ఇచ్చుచున్నది. కష్టపడువాడు నేనుగదా యను వాద మిక్కడ చెల్లదు. లెక్క తీర్పకయే పొత్తు సొత్తుతో ఒకరు వ్యాపారము సాగించినచో, వెలుపలికి పోయినవారు తమ వంతు సొత్తువలన వచ్చిన లాభమునైనను, నూటికి సాలున 6 వంతున వడ్డినైనను కోరవచ్చునని 37వ సెక్షను. ఈ రెంటిలో నేది మేలో ఎంచుకొనుట వెలుపలికి పోయినవారి యిష్టము.

మన ప్రాచీనులు ఈ పొత్తునకు సంభూయసముత్థానమని పేరిడిరి. యాజ్ఞవల్క్యస్మృతిలో దీనికి ప్రత్యేక ప్రకరణ మున్నది. లాభనష్టములు పెట్టిన ద్రవ్యమును బట్టియో, చేసికొన్న యొడంబడికను బట్టియో పంచుకొనవలయునట. కపటియైన భాగస్వామిని లాభ మీయక విడువుడనియు, తాను చేయలేనివాడు తన పనిని వేరొకనిచే చేయింపవచ్చుననియు అందున్నది. ఈ స్మృతికి మితాక్షర రచించిన విజ్ఞానేశ్వరుడు బీదరు జిల్లాలోని నేటి బసవకల్యాణమున, అనగా చాళుక్యుల కల్యాణమున నుండినవాడు. తిక్కనకు దశకుమారచరిత్ర నంకితమిచ్చిన కేతన దానిని తెనిగించెను. "నీకు పని రాదు" అన్న మాటకు బదులు ఇంత దగ్గర నున్నది! పని రానివారు పని చేయింతురు. వంతు నేల పోగొట్టుకొందురు?

ఇక జాగ్రత్తపడవలసినవి. మొదటిది పెద్దమనుషులు పెట్టుమన్న దస్కతు. 1966లో సుప్రీంకోర్టు తీర్చిన అడ్డంకి నారాయణప్ప వ్యాజ్యము వకీళ్ళందరెరిగినదే. రెండు తెలుగు కుటుంబములు చెరిసగముగా వడ్లు దంచు, వేరుసెనగకాయ లొలుచు మరలు నడపినవి. తరువాత నొక కుటుంబము తన వంతునకై దావా తేగా, రెండవవారు 1936 నాటి కరారును చూపి, మీరు అప్పుడే విడుచుకొంటిరి గదా యనిరి. పొత్తులో భూములు, కట్టడములున్నవి. రిజిస్ట్రీ కాని కాగిత మెట్లు చెల్లునని వాదము. పొత్తు సాగునంతకాలము భాగస్వామికి గలది లాభములో వంతును, ముగిసిన పిమ్మట అప్పులు తీరగా మిగిలినదానిలో వంతునుగాని ఫలాని గోడయో ఫలాని నేలయో కాదనియు, అది చరాస్తియే యనియు, కావున రిజిస్ట్రీ లేకున్నను ఆ కరారు చెల్లుననియు న్యాయస్థానము తేల్చెను. ఉత్త కాగితమే గదా యని సంతకము పెట్టు సోదరీమణులు దీనిని గమనింతురు గాక.

రెండవది పొత్తు రిజిస్ట్రీ. ఇదియే ఆ సోదరికి పెద్ద చిక్కైనది. ఇద్దరే యున్న పొత్తులో నొకరు గతించినచో ఆ పొత్తు అక్కడితో ముగియును. తరువాత వ్రాసికొన్నది క్రొత్త పొత్తు. దానిని మరల రిజిస్ట్రీ చేయింపవలెను. ఆ దరఖాస్తుపై భాగస్వాము లందరి సంతకములు కావలెను. అది యెవరును చేయింపలేదు. రిజిస్ట్రీ కాని పొత్తులోని భాగస్వామి పత్రమునందలి హక్కుకై తోడివానిపై దావా తేరాదని 69వ సెక్షను నిషేధించుచున్నది. ఆంధ్రప్రదేశమునుండి వచ్చిన యొక సొమ్ము దావాలో 2025 జనవరియందును సుప్రీంకోర్టు ఈ మాటనే దృఢపరచినది. కాని యొక ద్వారము తెరచియే యున్నది: పొత్తును రద్దుచేయుమనియు, లెక్క తేల్చుమనియు తెచ్చు దావాకు ఆ నిషేధము లేదు.

అనగా గేటు తెరువుమని ఆమె దావా వేయలేదు. కర్ఖానాను ముగింపుమని మాత్రము వేయగలదు. ఈ మాట చెప్పినప్పుడు ఆమె చాలసేపు మాటాడలేదు. "ఆయన పెట్టిన కర్ఖానా నా చేతులతోనే మూయాల్నా?" అనెను. మేము దానికి బదులు చెప్పలేకపోతిమి.

అప్పుల సంగతియు నున్నది. పొత్తు విడిచినట్లు బహిరంగ ప్రకటన జరుగునంతవరకు, ఆమెను భాగస్వామినిగా నెరిగి సరకో సొమ్మో యిచ్చినవా రామెను బాకీ యడుగవచ్చును. తాళము వెలుపల నుంచినను అప్పులోపలనే యుంతురన్నమాట!

స్త్రీలకు, వారి యాదాయ మెంతయైనను, 1987 నాటి న్యాయసేవల చట్టము క్రింద ఉచితముగ వకీలును నియమింతురు. ఈ సంగతి మన స్త్రీలలో పదింట ఒకరికైన తెలియునా యని మా యనుమానము. ఆమె జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకొని వకీలును పొందెను. తగవున్నదని బ్యాంకునకు వ్రాసి, ఇరువురి సంతకములు లేక ఖాతా నడపవలదని కోరెను. పెద్దమనుషుల కాగితమును తిప్పి పంపెను. పదునైదు దినము లాలోచించి, చివరకు పొత్తు రద్దు నోటీసును రిజిస్టరు తపాలలో పంపెను. అటునుండి ఒక సంవత్సరపు ఖాతా నకళ్ళు వచ్చినవి, మిగిలినవి రాలేదు. వానికై దావా సిద్ధమగుచున్నది. రద్దయిన తేదీనుండి మూడేండ్లలోపల దావా వేయవలయును గనుక, అక్కగారింటి గోడమీది క్యాలెండరులో ఆ తేదీచుట్టు ఆమె ఎర్ర సిరాతో గుండ్రముగ గీత గీసికొన్నది.